కిటికీ ఆవిడ వస్తోంది

కుర్చీ తలుపుకు దగ్గరగా ఉండాలి, మరీ దగ్గరగా ఉండకూడదు. వచ్చిన మనిషికి ఎప్పుడు లేచి వెళ్ళిపోవాలనిపిస్తే అప్పుడు వెళ్ళిపోవచ్చని కంటికి తెలుస్తూ ఉండాలి, అలాగని పొమ్మంటున్నట్టూ ఉండకూడదు, అందుకని నీడలమ్మ ఆ కుర్చీని జానెడు ఇటు జరిపింది, మళ్ళీ అటు జరిపింది, తన కుర్చీని ఎదురుగా కాకుండా కాస్త పక్కగా వేసుకుంది, ఎదురుగా వేస్తే పోలీసు స్టేషనులా ఉంటుంది మరి. బల్ల మీద నీళ్ళ జగ్గు, మూత పెట్టిన గ్లాసు, చేతికందే దూరంలో రికార్డరు. కళ్ళు తుడుచుకునే కాగితాల పెట్టె మాత్రం కిటికీ గట్టు మీద, వచ్చీ రాగానే అది ఎదురుగా కనపడితే ఇక ఏడవండి అన్నట్టే ఉంటుంది. ఇవన్నీ ఆమెకు కొట్టినపిండి. యుద్ధంలోంచి బయటపడ్డవాళ్ళని కూర్చోబెట్టి, ఏం చూశారో అడిగి, చెప్పింది చెప్పినట్టు భద్రం చేసి, ఎప్పటికైనా ఏదో ఒక కోర్టులో చదివి వినిపించే రోజు కోసం దాచడమే ఆమె ఉద్యోగం, ఎన్ని ఊళ్ళలో ఎన్ని అద్దెగదుల్లో ఇలా కుర్చీలు సర్దిందో ఆమెకే గుర్తులేదు. కానీ ఇవాళ చేతులు ఒకచోట నిలవడం లేదు. బల్ల ఇప్పుడే తుడిచింది, మళ్ళీ తుడుస్తోంది. ఏమిటీ సంబరం, అక్కగారు పిల్లల్ని వేసుకుని దిగుతోందన్నట్టు, అని తనని తనే కసురుకుంది, కసురుకుంటూనే నవ్వింది.

వకీలు గారు తలుపులోంచి తల పెట్టి, "బస్సు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారటమ్మా. ఇంకో గంట పట్టేట్టుంది" అన్నారు. కేసును కోర్టులో మోయవలసిన పెద్దాయన ఆయనే, జుట్టంతా ఈ పనిలోనే నెరిసింది.

"గంటా?" అంది ఆమె, ఏదో ఘోరం విన్నట్టు.

"గంటేగా. ఇన్నాళ్ళు ఆగినవాళ్ళం" అని తలుపు చేరవేసి వెళ్ళిపోయారు.

ఇన్నాళ్ళు ఆగడం వేరు, ఈ గంట ఆగడం వేరు, ఆయనకేం తెలుసు, అనుకుంటూ ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. మూడో అంతస్తు కింద వీధి తన మానాన తను పోతోంది, ఇస్త్రీ బండాయన నిప్పులు విసురుకుంటున్నాడు, తాళాలు బాగుచేసేవాడు గుత్తిని చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తున్నాడు, సైకిలు మీద ఓ పిల్ల రెండు చేతులూ వదిలేసి తొక్కుతోంది, వాళ్ళమ్మ చూస్తే ఉంది దానికి. కరెంటు స్తంభం నీడ ఇస్త్రీ బండి చక్రం దాకా సాగింది, అంటే మధ్యాహ్నం వాలుతోందన్నమాట. ఇదో జబ్బు ఆమెకు. ఎక్కడ ఏ ఫోటో చూసినా, ఏ వీడియో చూసినా మనుషుల కంటే ముందు వాళ్ళ నీడలు కనపడతాయి, నీడ ఎటు పడిందో ఎంత పొడుగుందో చూసి అది ఏ వేళప్పుడు తీశారో చెప్పేస్తుంది, ఆఫీసులో నీడలమ్మ అన్న పేరు అలా వచ్చిందే. ఇంట్లో ఈ విద్య వల్ల ఒరిగింది మాత్రం తగాదాలే. ఒకసారి మొగుడు 'ఆఫీసులోనే ఉన్నా, ఇప్పుడే తీసిన ఫోటో చూడు' అని పంపితే, ఆ గోడ మీద పొద్దున్నే పడే నీడ చూసి, అయితే సాయంత్రం దాకా ఎక్కడ తిరిగారు మహానుభావా అని నిలదీసింది. పాపం కూతురికి పుట్టినరోజు సైకిలు కొనడానికి దుకాణాలన్నీ తిరుగుతున్నాడట, ఎవరికీ చెప్పకుండా ఇద్దామనుకున్నది కాస్తా ఆమె నీడల పాలైంది. ఆ సైకిలే అయి ఉండాలి ఇది అన్నట్టు కిందకి వంగి చూసింది, కాదు, అది ఎర్రది, ఇంటి దగ్గరుంది. ఛ, ఏమిటేమిటో.

ఈ కేసులోని వీధి ఎక్కడిదో నీడలను బట్టి పట్టుకుంది కూడా ఆమే. ఆ వీధిలో ఏనాడూ కాలు పెట్టలేదు, కానీ ఏ బాల్కనీకి ఏ రంగో, ఏ మేడ మీద నీళ్ళ తొట్టి వంకరగా ఉందో, ఏ గోడ మీద బొమ్మ సగం చెరిగిపోయిందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. పైఅంతస్తు కిటికీలోంచి ఎవరో ఫోనుతో తీసిన చిన్న వీడియో అది. కింద వీధిలో నీళ్ళ ట్యాంకరు, బిందెలూ డబ్బాలూ పట్టుకుని వరసలో జనం, ఒకామె బిడ్డని చంకలోంచి చంకకి మార్చుకుంటోంది, వీధి చివర వంతెన, వంతెన మీద ఫిరంగి, దాని మూతి మెల్లగా ఇటు తిరుగుతోంది. ఫోను వణికింది. ఒక వెలుగు. ఆ తరవాత తెరంతా నలుపు. నీళ్ళ కోసం నిలబడ్డవాళ్ళలో ఇంటికి వెళ్ళినవాళ్ళు కొద్దిమందే. వంతెన మీద మా ఫిరంగి ఏ రోజూ లేదని సైన్యం వాళ్ళు బల్ల గుద్ది చెబుతున్నారు, ఉందని చెప్పే సాక్ష్యం లోకంలో ఈ వీడియో ఒక్కటే. ఆ ఫోను తరవాతెప్పుడో శిథిలాలు తీసేవాళ్ళకు దొరికింది, తీసిన మనిషి దొరకలేదు. ఎవరు తీశారో ఆ మనిషే వచ్చి 'ఇది నేను తీశాను' అంటేనే కోర్టు చెవిన పెడుతుంది. ఆ మనిషికి ఆఫీసులో కిటికీ మనిషి అని పేరు పెట్టుకున్నారు, ఆడో మగో కూడా తెలియదు అప్పటికి.

తెలియకపోవడానికి కారణం వాళ్ళ పద్ధతే, తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది గానీ. ఇలాంటి వీడియోలు రోజంతా చూసేవాళ్ళకి మతి చలించకుండా ఉండాలని ఆఫీసు డాక్టరమ్మ ఒక కట్టడి పెట్టింది, శబ్దం తీసేసి చూడండి, బొమ్మకంటే అరుపులే ఎక్కువ వెంటాడతాయి, నిద్రలోకి కూడా వచ్చేస్తాయి అని. మంచి మాటే. అందుకని నీడలమ్మ ఆ వీడియోను మూగదాన్ని చేసి చూసింది, ఎన్నిసార్లు చూసిందో లెక్కే లేదు, స్తంభాల నీడలు కొలిచింది, మేడలు పోల్చింది, నలుపు రాగానే ఆపేసింది. నలుపులో చూడ్డానికేముంది? ఆ తరవాతదంతా కత్తిరించి పక్కన పడేసి, నివేదికలో 'చిత్రీకరించిన వ్యక్తి బహుశా మరణించారు' అని రాసింది. ఆ 'బహుశా' దగ్గర ఓ పూటంతా కూర్చుంది. రాశాక ఆ మనిషి ఇంటికి కూడా వెంట వచ్చేసింది, బట్టలు ఆరేస్తుంటే, కూతురి జడ వేస్తుంటే, కిటికీలో నిలబడి వణికే చెయ్యి ఒకటి ఎదురుగా ఉండేది. పారిపోకుండా నిలబడి తీశావే, నీ పేరైనా తెలియదే నాకు, అని లోలోపల మాట్లాడుకునేది. ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఏడిస్తే ఎవరికి చెప్పుకుంటాం, కళ్ళలో నలకపడిందనేది.

చెవులాయన వచ్చింది ఆ తరవాత. పేల్చిన చప్పుడు విని ఏ తుపాకో ఎంత దూరమో చెప్పడం ఆయన పని, కళ్ళు మూసుకుని వింటాడు, నిద్రపోతున్నాడనుకుని వకీలు గారు ఒకసారి తట్టి లేపబోయారు కూడా. ఆయనకి తెర తెల్లగా ఉంటేనేం నల్లగా ఉంటేనేం, శబ్దం ఎక్కడిదాకా ఉంటే అక్కడిదాకా వింటాడు. ఆ రోజు ఆఫీసంతా ఎప్పట్లాగే నిశ్శబ్దంగా ఉంటే, ఉన్నట్టుండి చెవులాయన పకపకా నవ్వాడు. ఆ గదిలో నవ్వా! అందరూ తలలు తిప్పి చూశారు, పాపం పని ఒత్తిడికి ఈయనకీ అయిపోయింది అనే అనుకున్నారు. ఆయన చెవుల మీద పెట్టుకున్నవి తీసి, "ఎవరండీ ఈవిడ? బతికుంటే బతికుంది గానీ, ఏం తిడుతోందండీ బాబూ!" అన్నాడు.

ఆ మాటకి నీడలమ్మ కుర్చీలోంచి ఎలా లేచిందో, మధ్యలో బల్లలు ఎలా దాటిందో తెలియదు. ఆయన చేతిలోవి లాక్కుని చెవులకు పెట్టుకుంది. ముందు ఏదో కూలుతున్న చప్పుడు, దగ్గు, మళ్ళీ దగ్గు, ఆ తరవాత నిక్షేపంలాంటి గొంతు: "చెప్పానా? కిటికీ దగ్గరికి రావద్దని చెప్పానా లేదా? చెబితే వింటేగా! ఇప్పుడు చూడండి, వచ్చి నా కాలు మీద పడ్డారు. కొండలా ఉన్నారు, లేవండి." ఆడమనిషి! కిటికీ మనిషి కాదు, కిటికీ ఆవిడ! చీకటిలో, దుమ్ములో, నెత్తిన ఇల్లు కూలాక కూడా ఎవరినో దులిపేస్తోంది! వకీలు గారు కళ్ళద్దాలు తలకిందులుగా పెట్టుకుని 'ఏదీ, ఏదీ' అంటున్నారు, ఆమె ఆయన్ని దాటుకుని వరండాలోకి పరిగెత్తి మొగుడికి ఫోను చేసింది. "బతికే ఉందండీ!" "ఎవరు?" ఎవరో చెప్పకూడదు, కేసు గుట్టు, గాలి పీల్చుకుని "ఒకావిడ!" అంది. "చాలా సంతోషం" అన్నాడాయన, ఎందుకో తెలియకపోయినా మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆయన మీద ఉన్న సైకిలు తగాదాలన్నీ కొట్టేసింది.

కానీ రెండోసారి వింది. రెండోసారి వినకపోతే బాగుండేదని కాదు, వినాలి, పని అది. ఆవిడ తిట్టింది, తిట్టి ఆగింది, జవాబు లేదు. "ఏమండీ" అంది. జవాబు లేదు. "ఏమండీ, మిమ్మల్నే" అని కాస్త మెత్తగా, ఆ తరవాత "ఇప్పుడు కూడా నోరు విప్పరా?" అని గట్టిగా. ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఆవిడ ఒక్కతే మాట్లాడుతూ మాట్లాడుతూ ఉండగా ఫోను ఆరిపోయింది. చెవులాయన మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు. పక్కన పడ్డది మొగుడన్నది పిలుపులోనే తెలుస్తోంది, పలకలేదంటే ఏమిటో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. ఈసారి నీడలమ్మ ఏ నివేదికలోనూ ఏమీ రాయలేదు, బహుశా అని కూడా.

అదే ఇప్పుడు గొంతులో ముల్లు. కిటికీ ఆవిడ వస్తోంది, బతికి, తన కాళ్ళతో తను నడిచి, ఇంత సంతోషం ఈ ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు, ఒళ్ళంతా తేలిపోతోంది, అంతటి సంతోషంలోనూ ఆవిడ ఆ కుర్చీలో కూర్చోగానే తను నోరు తెరిచి అడగవలసింది ఆ సంగతే. మీ వారు పోయారా అని అడగకూడదు. పోయారు కదా అని అసలు అడగకూడదు, సాక్షి నోట్లో మన మాట పెట్టకూడదన్నది మొదటి నియమం. అప్పుడు మీతో ఎవరైనా ఉన్నారా? ఆహా, ఎంత సున్నితంగా పొడిచావు! తరవాత ఏం జరిగిందో మీకు గుర్తున్నంతవరకు చెప్పండి. అది నయం. తలుపు వైపు చూసి ఆ వాక్యాన్ని పైకి అనుకుంది, మళ్ళీ అంది. అడక్కపోతే? అడక్కుండా ఎలా, ఆ చీకట్లో జరిగింది చెప్పగలిగితేనే ఈవిడే ఆవిడని రుజువు. వీడియో నాదే అని ఇంతకు ముందు ఇద్దరు వచ్చారు, అబద్ధాలకోరులు కారు పాపం, తమ వాళ్ళ కథ వినేవాడు దొరకక ఏదో ఒక తలుపు తట్టినవాళ్ళు, ఆ కథలూ రాసుకుంది, కానీ నల్ల తెర సంగతి వాళ్ళకి తెలియదు. ఆ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు.

ఆవిడని వెతకడం మళ్ళీ ఓ తమాషా. ఆ కిటికీ గది బట్టలు కుట్టే దుకాణమని గుర్తుపట్టాక, ఆ వీధి నుంచి వలస వచ్చిన రొట్టెల కొట్టాయన దొరికాడు. టైలరమ్మా? ఆవిడ గొంతు వీధి చివరిదాకా వినపడేదండీ, ఆవిడ లేచిందంటే మేమంతా లేచినట్టే, అన్నాడు. అలా ఒకరి నుంచి ఒకరికి పోయి చివరికి ఓ ఫోను నంబరు చిక్కితే వకీలు గారు అందరి ముందూ చేశారు. "మీరు చనిపోయారేమోనని అనుకున్నామమ్మా" అన్నారు, ఎంత కోర్టు మనిషైనా ఆ వేళకి అదే వచ్చింది నోటికి. "నేనా? ఎప్పుడండీ? నాకెవరూ చెప్పలేదే!" అంది అవతల. ఆ గొంతే. కానీ గొంతు పోల్చుకోవడం రుజువు కాదు, ఆ రోజు సంగతులు ఫోనులో ఒక్కటి కూడా మాట్లాడకూడదు, బస్సు ఎప్పుడు, దిగి ఎటు రావాలి, అంతే.

ఇవాళ పొద్దున కూతురు బడికి వెళ్తూ, "అమ్మా, ఎందుకూరికే నవ్వుకుంటున్నావు?" అంది. "నా లెక్క తప్పిందే" అంది తను. "తప్పయితే నవ్వుతారా? అయితే మా టీచరుకి వచ్చి చెప్పు." నిజమే, ఈ ఉద్యోగంలో లెక్క సరిపోవడమంటే ఏమిటో ఆ పసిదానికి ఎలా చెప్పడం. లెక్క సరిపోతే గుంటలో ఒక మనిషి ఉన్నట్టు, తప్పితే బస్సులో ఒక మనిషి ఉన్నట్టు. తప్పాలి తల్లీ, ఇంకా తప్పాలి, నా నివేదికలన్నీ తప్పులతడకలై నా ఉద్యోగం ఊడినా సరే, వాళ్ళంతా ఒక్కొక్కరే బస్సు దిగి వచ్చి 'ఎవరండీ నన్ను చంపేసింది' అని కొట్లాడాలి. అలా అనుకుంటుంటే కళ్ళు తిరిగినంత ఆనందం వేసి కిటికీ గట్టు పట్టుకుంది. కాగితాల పెట్టె చేతికి తగిలింది, ఒకటి లాగి తనే కళ్ళు తుడుచుకుంది. బాగుంది సంబడం, సాక్షి కంటే ముందు నువ్వే మొదలుపెట్టు.

మనిషి కంటే ముందు గొంతు వచ్చింది. మెట్ల మీద నుంచి, ఆగి ఆగి, ఆయాసపడుతూ, "మూడో అంతస్తులో ఆఫీసు పెట్టి లిఫ్టు పెట్టకపోవడమేమిటండీ, కుంటికాలుతో వచ్చే జనానికి ఇదేం మర్యాద" అని. తలుపు తెరుచుకుంది. సన్నగా, పొట్టిగా, ఎడమకాలు కాస్త ఈడుస్తూ ఒకావిడ, గొంతుకి తగ్గట్టు గుమ్మమంత ఉంటుందనుకుంటే భుజం దాకా కూడా రాదు. వెనకాల వకీలు గారు, ఆయన వెనకాల రెండు సంచులు మోసుకుంటూ ఓ భారీ మనిషి, చెమటలు కక్కుతూ, వచ్చీ రాగానే గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. బస్సు దగ్గర కూలీ కాబోలు అనుకుంది, కాదు, కూలీ అయితే సంచులు దించేవాడు, తమ్ముడో మరిదో తోడు వచ్చి ఉంటాడు, మంచిదే, పాపం ఒంటరిది. ఒక్క కుర్చీయే వేశానే! పక్కగదిలోంచి ఇంకోటి తెచ్చి వేసింది, ఆయన కూర్చుంటే అది కిర్రుమంది. కిటికీ ఆవిడ తన కుర్చీ వైపు ఓసారి చూసి, దాన్ని చటుక్కున జరిపి, సరిగ్గా నీడలమ్మకి ఎదురుగా వేసుకుని కూర్చుంది.

నీడలమ్మ నీళ్ళ గ్లాసు మూత తీసి ఆవిడ ముందు పెట్టింది. మిమ్మల్ని చూడ్డం ఎంత... అని మొదలుపెట్టి, సాక్షి ముందు మన సంతోషం చూపకూడదన్న నియమం గుర్తొచ్చి ఆపుకుని, రికార్డరు నొక్కింది. "ముందుగా గదిలో ఉన్నవాళ్ళంతా ఎవరికి వాళ్ళు ఎవరో చెప్పాలండీ. ఈ తోడు వచ్చినాయన తన సంగతి చెప్పి బయట కూర్చోవచ్చు" అంది. తను చెప్పింది, వకీలు గారు చెప్పారు, ఆవిడ ఊరూ పేరూ దుకాణం అడ్రసుతో సహా గడగడా చెప్పింది. అందరూ భారీ మనిషి వైపు తిరిగారు. ఆయన తల ఊపాడు.

"తల ఊపితే రికార్డులో పడదండీ. నోటితో చెప్పాలి" అంది నీడలమ్మ.

ఆయన నోరు తెరిచాడు, మూశాడు, ఆవిడ వైపు చూశాడు.

"చూశారా? ఇదీ వరస!" అంది కిటికీ ఆవిడ. "ఈయన మా ఆయనండీ. ఈయనతో మాట్లాడించడం మీ వల్ల కాదు, ఎవరి వల్లా కాదు. ఆ రోజు ఇల్లు కూలి మీద పడింది, వచ్చి నా కాలు మీద కూలబడ్డారు, చీకటి, దుమ్ము, ఏమండీ ఏమండీ అని గొంతు చించుకున్నాను. పలికితేనా! ఉన్నారో పోయారో తెలియక నేను చచ్చి బతికాను. మట్టి తీసేవాళ్ళు వచ్చి లాగితే గానీ తెలియలేదు, మహానుభావుడు నిక్షేపంగా ఉన్నారని."

నీడలమ్మకి ఏమీ వినపడలేదు కాసేపు. సాక్షులిద్దరినీ ఒకే గదిలో ఉంచకూడదు, ఒకరి ముందు ఒకరు మాట్లాడకూడదు, వకీలు గారు లేచి ఆయన్ని బయటికి పంపాలి, వకీలు గారేమో జేబు రుమాలు కోసం జేబులన్నీ తడుముకుంటున్నారు. ఎవరూ ఏ ప్రశ్నా అడగలేదు. నిశ్శబ్దం వస్తే నింపకూడదన్నది కూడా నియమమే, ఎదురు చూడాలి. చూశారు.

ఆ భారీ మనిషి తన చేతుల వైపు చూసుకున్నాడు. రికార్డరు వైపు చూశాడు. భార్య వైపు తిరిగి, మెల్లగా, పదం పదం వెతుక్కుంటూ అన్నాడు: "నువ్వు తిడుతున్నావు కదా. తిడుతున్నావంటే బాగానే ఉన్నావని. వింటూ ఉన్నాను. నేను మాట్లాడితే నువ్వు ఆపేస్తావేమోనని."

కిటికీ ఆవిడ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. చాలాసేపటికి కొంగుతో మొహం తుడుచుకుని, నీడలమ్మ వైపు చెయ్యి చాపి రికార్డరు చూపిస్తూ, "పడిందామ్మా?" అంది. "ఆయన మాట్లాడింది, అందులో పడిందా?"

"పడిందండీ" అంది నీడలమ్మ.